అన్నిటా అదే కొండ

అన్ని బొమ్మల్లోనూ అదే కొండ.

పంతులమ్మ వాటిని బల్ల మీద పరిచి, నడుం పట్టుకుని నిలబడింది. పొద్దుటి నుంచి అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఇంటికెళ్ళాలంటే కాళ్ళు రామంటున్నాయి. అసలే పని తెమలక చస్తుంటే, గోరుచుట్టుపై రోకటిపోటులా ఈ ప్రాజెక్టొకటి.

ఇక్కడి తరగతి, వేరే దేశపు తరగతి ఆన్‌లైన్‌లో కలిసి పని చేయాలట. పేరు 'మా కిటికీలోంచి'. ఎవరింటి కిటికీలోంచి కనబడేది వాళ్ళు గీసి, అవతలి నేస్తానికి పంపాలి.

ఏర్పాట్లు మాట్లాడుకున్న రోజే, ఇద్దరికీ వచ్చీరాని భాషలో ఆమె గట్టిగా చెప్పింది.

"మాస్టారూ, మా పిల్లల్లో ఒక్కొక్కరికీ ఒక్కో నేస్తం ఉండాలి. ఒక్కరికి తక్కువైనా బడి పీకి పందిరేస్తారు."

అవతలి మాస్టారు సరేనన్నాడు.

"అందరికీ ఉంటారమ్మా. ఈ ఒక్కటీ పూర్తిచేస్తే మా బడి మూయకుండా ఇంకో ఏడాది చూస్తామన్నారు పైవాళ్ళు. కాస్త ఓపిక పట్టండి."

ఓపికకైనా హద్దుండాలిగా! బొమ్మలు ఒకటీ అరా, నత్తనడకన వచ్చేవి. ఆయన కెమెరా ఎన్నడూ పెట్టడు. అడిగితే, "నెట్టు నడవదమ్మా" అంటాడు.

లెక్కల టీచరు తొంగిచూసింది.

"ఇవన్నీ ఒకే చేతి గీతలక్కా! ఆయనే గీసి పారేస్తున్నాడు. నీ చెవిలో పువ్వు పెట్టాడు పో!"

పంతులమ్మ మళ్ళీ చూసింది. కొండ ఒకదాంట్లో పొగగొట్టం వెనక, ఒకదాంట్లో చెట్టుకొమ్మల మధ్య. ఎక్కడా నరమానవుడు లేడు. కింద మాత్రం తలా ఒక పేరు.

అక్కడికక్కడే ఫోన్ చేసింది.

"ఈ బొమ్మలు మీరే గీశారా మాస్టారూ?"

"లేదమ్మా. ఒట్టు."

"అయితే రేపు కెమెరా పెట్టి మీ పిల్లలందర్నీ చూపించండి."

గాలి చప్పుడు మధ్య మాస్టారి గొంతు వినబడింది.

"బొమ్మలు మీ పిల్లలకి నచ్చలేదామ్మా?"

"నచ్చడం కాదండీ! అబద్ధాన్ని నేస్తమని నా పిల్లలకెలా అంటగట్టను?"

"అబద్ధం కాదమ్మా... ఇంకా కొన్ని ఇళ్ళే మిగిలాయి. అవి కూడా అయితే..."

"నాకింక ఓపిక లేదు మాస్టారూ."

ఫోన్ పెట్టేసింది. ఈ ప్రాజెక్టుకు బడులను జతకలిపే ఆవిడకు చెప్పి ఇంకో తరగతిని వెతికించుకుంది. ఆ పిల్లలు కెమెరా ముందు బారులు తీరి చేతులూపారు. ప్రాజెక్టు ముగిసింది. హెడ్‌మాస్టరు మెచ్చుకున్నాడు. "కొండ నేస్తాలేరీ టీచర్?" అని పిల్లలు కొన్నాళ్ళు అడిగి, మానేశారు.

ఏడాది చివర, జతకలిపే ఆవిడ బడికొచ్చింది.

"ఆ కొండ మాస్టారు ఇప్పుడెవర్ని బుట్టలో వేస్తున్నాడండీ?" అడిగింది పంతులమ్మ, ఆవలిస్తూ.

"ఆ బడి మూసేశారు. మొన్న నేనే వెళ్ళి చూసొచ్చాను."

"అయ్యో! మరి పిల్లలందరూ?"

"అందరూ ఎక్కడమ్మా? ఉన్నది ఒక్కతే. గని మూతపడి ఊరంతా ఎప్పుడో వలసపోయింది."

పంతులమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మరి... ఆ పేర్లు?"

"వెళ్ళిపోయిన పిల్లలవి," అందావిడ. "మీ పిల్లల్లో ఒక్కరికీ నేస్తం తక్కువ కాకూడదన్నారటగా, అందుకని ఆ పిల్ల తాళాలేసిన ఒక్కో ఇంటికీ పోయి, మూసిన కిటికీకి వీపు ఆనించి కూర్చుని, ఆ ఇంట్లో ఉండిన తన నేస్తానికి రోజూ కనబడిన కొండనే ఆ నేస్తం పేరు మీద గీసిందట."