మంచుగడ్డ మీద పందెం

ఏసమ్మ బూడిదతో గిన్నెలు తోముతోందన్న మాటే గాని, చెవులు రెండూ రోడ్డు మీదే ఉన్నాయి. సూర్యాపేట మీదుగా హైదరాబాదు పోయే బస్సు కోదాడకు వచ్చే వేళయింది. బడి పంతులమ్మ సత్యవతి పెద్ద తరగతి ఆడపిల్లలను ఆ బస్సులో తీసుకుపోయి, అక్కడ రైలెక్కించి, ఉత్తరాన మంచుకొండల నడుమ ఉన్న కులు లోయ చూపిస్తానంది. రజాకార్ల గొడవ సద్దుమణిగి ఏడాదయింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడని పిల్లలంతా ఎగిరి గంతేశారు. ఏసమ్మ మూట కట్టి తలుపు పక్కన పెట్టేసింది. తండ్రి పాపయ్య మాత్రం ఇంకా ఊఁ అనలేదు.

"నా గొంగడి ఏడ పెట్టిన్రే?" పాపయ్య దండెం మీది బట్టలన్నీ తిరగేస్తూ అరిచాడు.

"నాకు తెల్వదు నాయినా. నన్ను పంపుతున్నవా లేదా, ముందు గది చెప్పు."

"పంప. నీ ఎంబడి ఎవరున్నరు?"

"పంతులమ్మ ఉన్నది. వండిపెట్టేటందుకు ఒక పెద్దామెను గూడ ఎతుకుతున్నది."

"ఎతుకనీ. పుష్యమాసంల పొయ్యి కాడికెల్లి లేవవు నువ్వు. మంచులకు పోతదంట, మంచులకు."

గడప మీద కూర్చుని వక్క నములుతున్న ముత్తమ్మ కిసుక్కున నవ్వింది. పాపయ్య తల్లి ఆమె. వారం రోజులుగా ఈ ప్రయాణాన్ని ఆమె వెక్కిరించినంతగా ఎవరూ వెక్కిరించలేదు.

"ఊకె లొల్లి ఎందుకు బిడ్డా? పందెం పెట్టుకుందాం. నేను, నా మనవరాలు మంచుగడ్డ మీద నిలవడ్తం. ఎవరు ఎక్కువసేపు ఓర్సుకుంటే ఇయ్యాల ఈ ఇంట్ల వాళ్ల మాటే మాట. మళ్ల నువ్వు గిట్ల ఎదురు చెప్పద్దు."

"ఏసయ్య తోడు, చెప్ప. గని మంచుగడ్డ ఏడికెల్లి తెస్తవే?" అన్నాడు పాపయ్య.

ఆ మాట ముగియకముందే సోడాల దుకాణంలో పనిచేసే దేవదాసు భుజాన గోనెసంచితో వాకిట్లోకి వచ్చాడు.

"పెద్దమ్మా, నిన్న నువ్వు చెప్పిన గడ్డ. బెజవాడ లారీల ఇప్పుడే దిగింది. జల్ది పట్టు, కరుగుతది."

సంచి బోర్లించాడు. ఊక కుప్పలోంచి బట్టలుతికే బండంత మంచుగడ్డ తళుక్కుమంది. ఏసమ్మకు కులు లోయే కదిలి తమ వాకిట్లోకి వచ్చినట్టనిపించింది.

ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని గడ్డ మీదికి ఎక్కారు.

మొదట హాయిగానే ఉంది. తర్వాత అరికాళ్లలో చీమలు పాకాయి. ఆ తర్వాత చీమలు సూదులయ్యాయి.

"ఏముంటదే ఆడ, గంతగనం ఏడుస్తున్నవ్ పోతనని?" ముత్తమ్మ అడిగింది.

ధ్యాస చలి మీదికి పోకుండా ఏసమ్మ గబగబా చెప్పసాగింది. "ఏరు ఉంటదంట నాయినమ్మా. మస్తు వడి. పడవ నిలవదు. బర్రెతోలు తిత్తిల గాలి నింపి, దాని మీద బోర్ల పండుకొని దాటుతరంట."

"కుట్లల్ల నుంచి గాలి పోదా?" ముత్తమ్మ కళ్లు చిన్నవయ్యాయి. ఆమె పెనిమిటి బతికినన్నాళ్లూ బావి నీళ్లు తోడే మోటకు తోలు తొండాలు కుట్టినవాడు.

"పోదంట."

"కంటితోని సూస్తే గని నమ్మ. ఇంకేముంటది?"

"దసరాకు ఊరూరి దేవుళ్లను పల్లకీలల్ల మోసుకొస్తరంట. బారెడు బారెడు కొమ్ములు ఊదుతరంట. ఆడోళ్లు ఉన్ని దుప్పటే చీర లెక్క చుట్టుకొని, చేతులు పట్టుకొని వరుసగ ఆడ్తరంట."

"ముసలోళ్లు గూడనా?"

"ముసలోళ్లు గూడ."

"ముసలోళ్లకు సిగ్గు లేదన్నట్టు. మరి మంచు?"

"కట్టె పట్టుకొని కొండెక్కాలె. దిగేటప్పుడు కూసొని సర్రున జారొచ్చంట, జారుడుబండ లెక్క."

దేవదాసు పగలబడి నవ్వాడు. "పెద్దమ్మా, నీ కాళ్ల కింద గడ్డ కరుగుతనే లేదు. అది గూడ నీకు భయపడ్తున్నది."

"నువ్వు నోరు ముయ్‌రా."

ఏసమ్మకు నవ్వు రాలేదు. కాళ్లు తనవి కానట్టున్నాయి. తలుపు పక్కనున్న మూట వంక చూస్తూ పళ్లు బిగపట్టింది. నాయినమ్మ పాదాలు చూస్తే నల్లటి పగుళ్లతో గడ్డకు అతికించినట్టున్నాయి. చలికాలం నాట్లకు తెల్లారకముందే బురదలో దిగిన పాదాలవి.

దూరంగా బస్సు హారను మోగింది.

ఆ చప్పుడుకు ఉలిక్కిపడి ఏసమ్మ ఒక కాలు ఎత్తింది. రెండో కాలు జారింది. ఊక కుప్పలో కూలబడింది.

"ఖతం," అన్నాడు పాపయ్య. "అమ్మ గెలిచింది. ఇగ అమ్మ మాటే. లే బిడ్డా, మూట ఇప్పి బట్టలు దండెం మీద ఎయ్యి."

ఏసమ్మ లేవలేదు. చెంపల మీద ఊక, దాని మీదుగా కన్నీళ్లు.

ముత్తమ్మ తీరిగ్గా గడ్డ దిగింది. కొంగుతో కాళ్లు తుడుచుకుంది. ఇంట్లోకి పోయింది. గింజల కుండల వెనక ఏదో జరిపిన చప్పుడయింది.

మళ్లీ కనిపించినప్పుడు ఆమె నెత్తి మీద ఏసమ్మ మూట ఉంది. దాని మీద, ఎప్పుడు కట్టిందో ఏమో, ఇంకో మూట ఉంది. పొద్దుటి నుంచి పాపయ్య వెతుకుతున్న నల్ల గొంగడిని భుజాల చుట్టూ కప్పుకుని, నోరు తెరిచిన కొడుకు ముందు నుంచే, మనవరాలిని రమ్మని చేత్తో పిలుస్తూ గడప దాటి బస్సు వైపు నడిచింది.