ఆవిడొచ్చేలోపు పాచి వదలాలి

"కింద నుంచి పైకి కొడుతున్నావేమిటయ్యా? నీకు పని నేర్పిందెవరు?" అన్నాడు పెద్దాయన, అవతలి ఫుట్‌పాత్ మీద కుర్చీ వేసుకుని కూర్చుని.

"పాచి మందు కింద నుంచి పైకి కొట్టాలి సార్. కడిగేటప్పుడు పైనుంచి కిందికి. లేకపోతే గోడ మీద చారలు పడతాయి" అన్నాడు ఫిరంగి.

ఫిరంగి అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఆమధ్య ఒక ఇటుక గోడ మీద పాచి మొండికేసిందని నీళ్ళ ప్రెషర్ మిషన్ పూర్తిగా తిప్పి కొడితే, పాచితో పాటు ఇటుకల మధ్య సిమెంటు కూడా ఊడి వచ్చింది. తోటివాళ్ళు పేరు పెట్టి ఊరుకున్నారు. మేనేజరు ఊరుకోలేదు. "ఇకనుంచి నీకు మందు కొట్టి మెల్లగా కడిగే సాఫ్ట్ వాష్ తప్ప ఇంకోటి లేదు. ఇంకొక్క ఇంటివాళ్ళు ఫోన్ చేసి తిట్టారంటే, మర్నాటి నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు" అన్నాడు. తిట్టేవాళ్ళకి సౌకర్యంగా ఉంటుందని కాబోలు, ఆఫీసు ఫోన్ నంబరు చొక్కా వీపు మీద పెద్దపెద్ద అంకెల్లో అచ్చు వేయించాడు కూడా. అందుకని ఈవేళ ఫిరంగి చంటిపిల్లకి నీళ్ళు పోస్తున్నంత మెల్లగా పని చేస్తున్నాడు.

గోడ కూడా సామాన్యమైనది కాదు. వీధి వైపు ఇటుక రంగేమిటో ఇంటివాళ్ళకైనా గుర్తుండి ఉండదు. పైన పచ్చటి పాచి, సందుల్లో దూదిమెత్తల్లా నాచు. పొద్దున ఫిరంగి వచ్చేసరికే పెద్దాయన గోడ ముందు నిలబడి ఉన్నాడు.

"ఫోన్ చేసింది మీరేనా సార్?"

"నేనే. డబ్బు ముందే కట్టాను. నువ్వేం చేస్తావో నాకు తెలీదు, ఆవిడొచ్చేలోపు పాచి వదలాలి."

ఆ ఒక్క మాటతో ఫిరంగికి సంసారం మొత్తం అర్థమైపోయింది.

"అమ్మగారికి చెప్పలేదా సార్?"

"చెప్తే ఒప్పుకుంటుందా? ఆవిడకి ఈ పాచంటే ప్రాణం. ప్రకృతిట! ఎండాకాలంలో ఎక్కడ ఎండిపోతుందోనని దానికి రోజూ నీళ్ళు చల్లుతుంది. వీధిలో అడుగుపెడితే ముందు నా కళ్ళబడేది ఈ గోడే. ఎన్నేళ్ళుగానో మొత్తుకుంటున్నాను. గోడకి చెప్పినా ఈపాటికి వినేది."

"ఏమంటారు మరి?"

"ఏమంటుంది? మా ఇద్దరికీ మాటల్లేక మూడేళ్ళయింది."

ఫిరంగికి నిజంగానే జాలేసింది. తనింట్లో మాటలకి కరువు లేదు, మోయలేనన్ని పడతాయి. కానీ మూడేళ్ళ మౌనమంటే మాటలా?

"నీళ్ళెక్కడ పట్టుకోమంటారు సార్? గేటుకి తాళముంది."

"తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటుంది. నా చేతికిస్తుందా? ఆ ఎదురింటి కుళాయి వాడుకో."

"వాళ్ళేమీ అనుకోరా?"

"బంగారం లాంటి మనుషులు. ఈ వీధి మొత్తం మీద సంస్కారం ఉన్న ఇల్లంటూ ఉంటే అదొక్కటే."

ఇంటి తాళానికి నోచుకోని మనిషి ఎదుటివాళ్ళని ఇంతలా మెచ్చుకుంటున్నాడంటే ఎంత పెద్ద మనసో అనుకున్నాడు ఫిరంగి. గోడ పక్కన మొక్కలు తడిపి, ప్లాస్టిక్ పట్టా కప్పాడు. మందు కొట్టి ఆగాడు. పచ్చదనం పసుపై, పసుపు గోధుమరంగై కిందికి జారడం మొదలైంది. మందంగా పట్టిన నాచుని చెక్కపుల్లతో మెల్లగా గీకాడు. లోపల్నుంచి కుక్క ఒకటే మొరుగుడు.

"మిమ్మల్ని చూసే మొరుగుతోంది సార్!"

"పెంచిందెవరు? ఆవిడ మనసులో అనుకునేది అది బయటికి అంటుంది."

పక్క గోడ వైపు తొంగి చూశాడు ఫిరంగి. అటు ఇంకా ఎక్కువుంది. "అదీ చేసేయమంటారా?"

"అటెందుకు? అక్కడెవరు చూడొచ్చారు?"

భార్య ఎలా ఉన్నా పైసా విలువ తెలిసిన మనిషే అనుకున్నాడు ఫిరంగి. సన్నటి ధారతో పైనుంచి కడుక్కుంటూ వచ్చాడు. ఎండ వాలేసరికి ఇటుకలు నిన్న బట్టీలోంచి తీసినట్టు ఎర్రగా తేలాయి. ఒక్క సందులోనూ సిమెంటు రాలలేదు. పెద్దాయన కుర్చీలోంచి లేచి, చాలాసేపు చూసి, జేబురుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. మందు ఘాటు అన్నాడు.

"సార్, ఆఫీసుకి ఒక్క మాట చెప్తే..."

పెద్దాయన అక్కడికక్కడే ఫోన్ చేశాడు. "మీవాడు ముత్యమండీ. నా జన్మలో ఇంత సుఖపడలేదు" అన్నాడు. ఫిరంగికి గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఉద్యోగం నిలబడింది. బతుకు జీవుడా అనుకుంటూ పైపు చుట్టసాగాడు.

అప్పుడే వీధి మొదట్లో టాక్సీ మలుపు తిరిగింది. పెద్దాయన కుర్చీ చంకన పెట్టుకుని ఆ వయసులో ఆశ్చర్యపోయేంత వేగంగా మాయమయ్యాడు. ఎదురింట్లో తలుపు గడియ పడిన చప్పుడైంది. ఆవిడంటే ఇంత భయమా, పాపం!

టాక్సీ దిగినావిడ గోడని చూసింది. చేతిలో సంచి జారి కింద పడింది. సంతోషం కాబోలనుకున్నాడు ఫిరంగి.

"ఎవరు... ఎవరు చేయించారిది?"

ఒక సంసారం నిలబెట్టే అవకాశం మనిషికి రోజూ రాదు. ఫిరంగి ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"కోప్పడకండమ్మా. మీ ఆయన పొద్దున్నుంచీ తిండీ తిప్పలూ మాని దగ్గరుండి చేయించారు. పోరు నష్టం, పొందు లాభం అన్నారు పెద్దలు. మూడేళ్ళ పంతం చాలు, ఈవేళైనా ఆయనతో ఒక్క మాట మాట్లాడండి."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. భుజం పట్టుకుని అటు తిప్పి, వీపు మీది అంకెలు ఒక్కొక్కటే చూస్తూ ఫోన్ నొక్కి, చెవి దగ్గర పెట్టుకుంది.

"నాకసలు పెళ్ళే కాలేదు."