మహిషాసురుడి తల

హారతి కాకముందే దేవి మండపంలో మహిషాసురుడి బొమ్మ తల మళ్లీ ఊడిపడింది. ముంబై కామాటిపుర ఏడో గల్లీ జనం గొల్లున నవ్వారు.

హారతి అయ్యాక తల పడేసే టైమర్ ముత్తయ్యది. రంగులైట్లు మార్చే టైమర్ అతని తమ్ముడు గంగారాంది. రెండూ తీగలు గుచ్చే ఒకే బ్రెడ్‌బోర్డు మీద, ఒకే బ్యాటరీతో నడుస్తున్నాయి. గంగారాం నిరుడే పక్క గల్లీకి ఇల్లరికం పోయాడు. అక్కడా దేవి మండపం ఉంది, రెండు గల్లీలకూ పోటీ.

ముత్తయ్య తలను తిరిగి బిగించి దిగేసరికి, గంగారాం పిడికిలి మూసి బోర్డు మీదికి వంగుతున్నాడు.

"ఏం పీకినవ్‌రా? అత్తగారి గల్లీ ముందర మా పరువు తీస్తవా?"

"జర ఆగన్నా, నా లైటు మారినప్పుడల్లా..."

ముత్తయ్య గుద్దుకు గంగారాం పన్ను ఊడింది. తమ్ముణ్ణి కిందపడేసి రొమ్ము మీద మోకాలు పెట్టాడు.

"పిడికిలి విప్పు!"

విప్పలేదు. చిటికెన వేలు పట్టి వెనక్కి విరిచాడు. ఎముక పుటుక్కుమంది.

అప్పుడే ఎర్రలైటు ఆరి పచ్చలైటు వెలిగింది. ఆ క్షణమే తల దబ్బున కిందపడింది. బోర్డు దగ్గర ఎవరూ లేరు.

గంగారాం పిడికిలి మెల్లగా విచ్చుకుంది. అరచేతిలో కొత్త కెపాసిటర్.

"నా లైటు మారేటప్పటి కరెంటు దెబ్బ నీ టైమర్‌కు తగలొద్దని తెచ్చినన్నా," అన్నాడు, నెత్తురు ఉమ్మేసి.