వష్తి చెలికత్తె

"రాణిగారికి తోక మొలిచిందట!"

రిహార్సల్ హాలు ఘొల్లుమంది.

ఆ మాట చెప్పిన మాస్టారు మాత్రం నవ్వలేదు. యూదుల పాత గ్రంథాలు చదవడానికే జీవితం ధారపోసిన మనిషి. నటులకు తాము ఆడబోయే వష్తి రాణి కథ విడమరిచి చెప్పమని దర్శకుడే బతిమాలి పిలిపించుకున్నాడు.

"నా కల్పన కాదయ్యా. మూలంలో ఉన్నది చిన్న సంగతి. రాజు బాగా తాగి, నా భార్య అందం అతిథులంతా చూడాలి, కిరీటం పెట్టుకుని రమ్మనండి అన్నాడు. వష్తి రాణి రానంది. ఆమె రాణిపదవి ఊడింది. ఎందుకు రానందో రాయలేదు. వెనకటి పండితులు కారణాలు వెతికారు. కుష్టు పట్టిందని కొందరు, తోక మొలిచిందని కొందరు."

"మంచిదే కదా మాస్టారూ! తోకుంటే కిరీటం బరువుకి ముందుకు తూలదు," అన్నాడు రాజు వేషగాడు.

మళ్లీ నవ్వులు.

"వెళ్లడం ఇష్టం లేక వెళ్లలేదని అంతమందిలో ఒక్కడికీ తట్టలేదా?"

అన్నది మూల కూర్చున్న చెలికత్తె వేషం ఆవిడ.

మాస్టారు కళ్లజోడు తీసి ఆమె వంక చూశాడు. "ఈ మధ్య తట్టిందమ్మా. ఆడవాళ్లు కూడా ఆ పుస్తకం మీద రాయడం మొదలుపెట్టాక."

ఆమె ఎక్కణ్ణుంచి వచ్చిందో దర్శకుడికి తెలియదు. తల నెరిసింది గానీ నడుం వంగలేదు. "పెద్ద వేషాలు వద్దు బాబూ. రాణి జవాబు రాజుకు చేరవేసే మనిషి ఉంటుందిగా, అది ఇవ్వు," అంది. ఇచ్చాడు. ఆ వేషానికి ఉన్నది ఒకటే మాట: రాణిగారు రారు.

అది ఆమె పలికే తీరే అతనికి మింగుడుపడలేదు.

"కాస్త భయం పెట్టండమ్మా. రాజు ముందు నిలబడ్డారు. తల ఎగిరిపోతుంది."

"పోతే పోతుంది. కబురు మాత్రం వణక్కూడదు."

ఈ మొండిఘటంతో వాదించలేక వదిలేశాడు.

హాలు కింద, హాలు యజమాని ఇల్లు పైన. మర్నాడు నాటకమనగా, సాయంత్రం అందరూ వేషాలు కట్టుకుని ఉన్నారు. యజమాని మేనేజరు మెట్లు దిగి వచ్చాడు.

"పైన విందు జరుగుతోంది. పెద్ద పెద్ద వాళ్లొచ్చారు. రాణి వేషం అమ్మాయిని కిరీటంతో సహా ఒకసారి పంపమన్నారు. చూస్తారట."

అమ్మాయి మొహం మాడిపోయింది. "నేను వెళ్లను, అన్నా."

"అలా నవ్వి ఇలా వచ్చెయ్, తల్లీ," అన్నాడు దర్శకుడు. "ఆయనకు కోపమొస్తే హాలుకి తాళం పడుతుంది. రేపు నాటకం ఆడాలా, వద్దా?"

"ఏ నాటకం అన్నా? రానన్న రాణి నాటకమేనా?"



చెలికత్తె లేచింది. పైట సర్దుకుంది. "కబురు చేరవేసేది నేనేగా. నేను వెళ్తాను."

"అమ్మా, ఇది ఆట కాదు!"

అప్పటికే ఆమె మెట్లెక్కుతోంది. అతను వెనకే పరుగెత్తాడు.

పొడవాటి బల్ల చుట్టూ అతిథులు. ఆ చివర యజమాని, చేతిలో గ్లాసు; పక్కన ఆయన అక్కగారు. గుమ్మంలో నిలబడిన ఆమెను చూసి నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి.

"రాణిగారు రారు."

కింద ఎలా చెప్పేదో అలాగే చెప్పింది.

ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగారు. యజమాని గ్లాసు పెదాల దగ్గరే ఉండిపోయింది. చాలాసేపు ఆమెనే చూశాడు. ఆమె చూపు తిప్పలేదు.

చివరికి గ్లాసు దించి దర్శకుడితో అన్నాడు. "రేపు ఆడుకో. ఈమె మాత్రం నా హాల్లో కనపడకూడదు."

హాలు దక్కింది. మెట్ల మీదే దర్శకుడు గొంతు సవరించుకున్నాడు. "ఏమీ అనుకోకండమ్మా. నా పరిస్థితి…"

"అమ్మాయి పైకి వెళ్లలేదుగా?"

"లేదు."

"మరి ఏడుపు మొహం దేనికి బాబూ?"

వేషం విప్పి మడతపెట్టి, తన చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఎక్కడుంటారని కూడా అతను అడగలేదు.

మర్నాడు ఆ వేషం ఇంకెవరికీ ఇవ్వనివ్వలేదు రాణి అమ్మాయి. రాజు జవాబు కోసం చూసే ఘట్టంలో, తెర వెనక నుంచి తనే గొంతెత్తింది.

"రాను!"

హాలు దద్దరిల్లింది. ముందు వరసలో యజమాని లేచి వెళ్లిపోయాడు. ఆయన పక్కనున్న అక్కగారు మాత్రం కదల్లేదు. ఆట అయ్యాక కర్ర ఊతగా మేకప్ గదిలోకి వచ్చింది.

"నిన్న పైకి వచ్చిన ఆవిడేదీ?"

"పంపేశానండీ," అన్నాడు దర్శకుడు. "అయ్యగారు వద్దన్నారు."

"వాడంటాడు. నువ్వెలా పంపావయ్యా?"

"ఆవిడ మీకు తెలుసా?"

ముసలావిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వాడు వయసులో ఉండగా ఇలాంటిదే విందు. అందరి ముందుకూ వచ్చి కూర్చోమని లోపలికి కబురంపాడు. రానని చెప్పమంది. ఆ జవాబు మోసినవాడు జంకి, ఒంట్లో బాగాలేదట అన్నాడు. అబద్ధమని ఆమే బయటికి వచ్చి, గుమ్మంలో నిలబడి చెప్పింది. మావాడు ఆ గుమ్మంలోంచే పొమ్మన్నాడు."

"ఎవరినండీ?"

"నా మరదల్ని నాయనా, వాడి మొదటి భార్యని."