నెమలికంఠం తువ్వాల

రాట్నం తిరుగుతోంది. అనసూర్య చేతిలోంచి నూలు కండె మీదికి చుట్టుకుంటోంది. చూపు మాత్రం మగ్గం పక్కన పీట మీద పెట్టిన టీవీ మీదే ఉంది.

"పోగు తెగుతది, చూసి చుట్టు," అంది అత్త కొమురవ్వ. "నీ మొగుడు టీవీలకెళ్లి దుంకి ఉరికిపోడు."

అది కిరాయికి తెచ్చిన రంగుల టీవీ. వీడియో షాపు ప్రభాకర్ దాని వెనక కూర్చుని వీసీఆర్‌కు తీగలు కలుపుతున్నాడు. క్యాసెట్ తెచ్చింది నంగునూరు సిద్ధయ్య. దుబాయిలో అనసూర్య మొగుడు దత్తాత్రి, అతనూ ఒకే గదిలో ఉంటారు. సిద్ధయ్య సెలవు అయిపోయింది. ఈ సాయంత్రం బస్సుకే అతని తిరుగు ప్రయాణం.

"దత్తాత్రిని కంపెనీల ఇంక రెండేండ్లు ఉండుమంటున్రు కాకా," అన్నాడు సిద్ధయ్య. "ఇంటోళ్లు ఉండుమంటే ఉంట, రమ్మంటే వస్త అన్నడు. మీ మాట నేనే మోసుకపోవాలె."

"ముందుగాల వాని మొహం చూడనియ్యి," అన్నాడు మామ రాజమల్లయ్య. "కన్నోళ్లకు మొహం చూస్తే తెల్వదా, ఉంచాల్నో పిలవాల్నో."

పెరట్లో కొత్త ఇంటి గోడలు లేచి, పైన స్లాబు లేక ఆగిపోయి ఉన్నాయి. అనసూర్య మొగుణ్ని చూసి మూడేళ్లు దాటింది. రమ్మంటే బాగుండునని ఆమెకుంది. ఆమెను అడిగినవాళ్లు లేరు.

తెర మీద బొమ్మ కదిలింది. సున్నం వేసిన గోడ ముందు కుర్చీలో దత్తాత్రి. భుజం మీద తువ్వాల.

"అవ్వా, బాపూ, నేను మంచిగున్న. నా రంది పెట్టుకోకున్రి..."

"ఇదేం టీవీ పిలగా!" కొమురవ్వ ప్రభాకర్ మీద విరుచుకుపడింది. "నా కొడుక్కు మళ్ల పెండ్లి చేస్తున్నవా, గంత పసుపు పూసినవ్! కండ్లల్ల సుత పసుపే."

అనసూర్య ముఖం కన్నా ముందు తువ్వాలను చూసింది. నెమలికంఠం రంగు. పెళ్లయిన కొత్తలో నూలుకు ఆ రంగు తనే అద్దింది, మామ నేశాడు. ఎన్ని ఉతుకులకూ వెలిసిపోని రంగు పట్టిందని అప్పుడు ఆయన మెచ్చుకున్నాడు కూడా. జత తువ్వాళ్లలో ఒకటి దుబాయి పోయింది, ఒకటి సందుగలో ఉంది. ఇన్నాళ్లయినా వేసుకుంటున్నాడు! రాట్నం ఎప్పుడు ఆగిందో ఆమెకే తెలియలేదు.

"ఊరూరు తిరిగిన డబ్బా అవ్వా, రంగు తప్పింది. దిద్దుత ఉండు," అంటూ ప్రభాకర్ టీవీ వెనక మూత విప్పి, లోపల మరలు తిప్పసాగాడు. "జనం చూసేది మొహమే. మొహం ఎర్రగుంటే టీవీ మంచిది. లేకుంటే ప్రభాకర్ దొంగ."

మెల్లమెల్లగా పసుపు దిగిపోయింది. దత్తాత్రి బుగ్గలకు నెత్తురు వచ్చింది.

"గిప్పుడు నా కొడుకు!" కొమురవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "దుబాయి నీళ్లు మంచిగనే పడ్డయి."

రాజమల్లయ్య తృప్తిగా తలాడించాడు. "దుక్కలెక్కున్నడు. స్లాబు పడేదాక ఉండుమను సిద్ధయ్యా."

"అట్లనే చెప్పమంటవా కాకా?" సిద్ధయ్య తెర వైపు చూడలేదు. గడప వైపు చూస్తున్నాడు.

"అట్లనే చెప్పు."

"అన్నం మంచిగ తింటుండా?" అనసూర్య మెల్లగా అడిగింది.

"తింటడు వదినె. నూనె వాసన పడతలేదని పెరుగన్నమే ఎక్కువ. నీ చేతి వంట కాదు గద." చాయ్ సగంలోనే వదిలేసి సిద్ధయ్య సంచి తగిలించుకున్నాడు. "బస్సు పోతది కాకా," అంటూ వెళ్లిపోయాడు.

క్యాసెట్ మళ్లీ మొదటి నుంచి పెట్టించుకుని చూస్తున్న కొమురవ్వ ఉన్నట్టుండి నవ్వింది.

"ఏమే, గీ వంగపండు రంగు తువ్వాల ఏడిదే? నువ్వు అద్దిచ్చింది పారేసి దుబాయిది కొన్నట్టుండు నీ మొగుడు!"

అనసూర్యకు ఎక్కడో చురుక్కుమంది. "అది మనదే అత్తమ్మా. ఇందాక నెమలికంఠమే ఉండె."

"ఇందాక వాడు పసుపుముద్ద లెక్కుండె. గది సుత నమ్ముతవా?"

"ఆమె అన్నది నిజమే గావచ్చు అవ్వా," అన్నాడు ప్రభాకర్. "మొహం ఒక్కదాన్నే దిద్దరాదు. మొహం రంగు మారితే తువ్వాల రంగు సుత మారుతది. తెర మీద అన్నీ కలిసే తప్పుతయి, కలిసే బాగైతయి."

అనసూర్య లేచి వెళ్లి సందుగ తెరిచింది. అడుగున మడత పెట్టిన తువ్వాల తీసుకుని వచ్చింది.

"అన్నా, మళ్ల ముందటి లెక్క పెట్టు."

"గంత తిప్పల పడి దిద్దితె..."

"ఒక్కసారి. పారేయలేదని అత్తమ్మకు చూపెడత."

ప్రభాకర్ బొమ్మను కదలకుండా ఆపి, మరలు వెనక్కి తిప్పాడు. అనసూర్య తువ్వాలను విప్పి తెర అంచుకు ఆనించి పట్టుకుంది. వంగపండు రంగు కొంచెం కొంచెంగా కరిగిపోయింది.

"చూడున్రి అత్తమ్మా!" అంటూ నవ్వబోయింది. ఆ నవ్వు పెదవుల మీదే ఆగిపోయింది.

"మళ్ల పసుపు పూసిన్రు! తియ్యి, మంచిగున్నదాన్ని ఖరాబ్ చేసిన్రు," కొమురవ్వ కసురుకుంది.

రాజమల్లయ్య దగ్గరికి వచ్చాడు. కోడలి చేతిలోని తువ్వాలను వేళ్లతో పట్టుకుని చూశాడు. తెరను చూశాడు. కొడుకు కళ్లలోని పసుపును చూశాడు. తర్వాత చెప్పులు కూడా తొడుక్కోకుండా, బస్టాండు దారిలో గబగబా బయటికి నడిచాడు.

తువ్వాళ్లు రెండూ ఒకే రంగులో ఉన్నాయి.