కాళ్ళక్క కంప్యూటర్

కొలతల ఫోల్డరు తెరిచి చూస్తే లోపల ఒక్కటంటే ఒక్క ఫైలు లేదు.

ఎదురుగా బల్ల మీద ఒక పాప కూర్చుని, ఉన్న ఒక్క కాలినీ ఊపుతోంది.

“కాళ్ళక్కా, నా కొత్త కాలు ఎప్పుడిస్తావ్?”

“ఇచ్చేస్తానురా బంగారం,” అందామె.

కృత్రిమ కాళ్ళు తయారుచేసే చిన్న వర్క్‌షాపు ఆమెది. కాళ్ళు చేసే అక్క కాబట్టి పిల్లలకు కాళ్ళక్క. ఎవరి కాలు ఎంత కొలత, ఎవరికి ఎక్కడ ఒరుసుకుంటోంది, ఏ పిల్ల ఎంత ఎదిగింది, అన్నీ ఆ కంప్యూటర్లోనే ఉండేవి.

దాన్ని చూసుకునేది తమ్ముడు.

తోడబుట్టినవాడేం కాదు. పని నేర్చుకుంటానంటూ వచ్చి, అక్కా అక్కా అంటూ ఇంట్లో మనిషైపోయాడు. వర్క్‌షాపు తాళంచెవి కూడా వాడి దగ్గరే ఉండేది.

వాడు ఆ ఉదయం పనిలోకి రాలేదు. ఫోన్ ఎత్తలేదు.

సాయంత్రానికి సంగతి బయటపడింది. రెండు వీధుల అవతల వాడి సొంత వర్క్‌షాపుకి బోర్డు కడుతున్నారట. కొలతలన్నీ పట్టుకుపోయి, ఇక్కడున్నవి తుడిచేసి మరీ వెళ్ళాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది ఆమె పని. కొలతలు పోయినందుకు కాదు, వాడు పట్టుకుపోయినందుకు ఏడ్చింది.

ఇద్దరు మెకానిక్కులొచ్చి చూసి పెదవి విరిచారు.

ఆ తర్వాత ఒక పెద్దాయన గుమ్మంలో నిలబడ్డాడు. భుజాన సంచి.

“కంప్యూటర్లో ఫైళ్ళు పోయాయని విన్నానమ్మా. ఈ పనిలోనే రిటైరయ్యాను. ఒకసారి చూడనా?”

“ఎవరు చెప్పారు? వాడు పంపాడా మిమ్మల్ని?”

“లేదమ్మా. నేనిక్కడికి వచ్చినట్టు ఎవరికీ తెలీదు.”

ఆమెకు నమ్మకం కుదరలేదు. కానీ వేరే దిక్కూ లేదు. కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది, ఆయన చేతుల మీంచి చూపు తిప్పకుండా.

ఆయన కంప్యూటర్ని మామూలుగా ఆన్ చేయలేదు. సంచిలోంచి తన పెన్‌డ్రైవ్ తీసి, దాంతో లేపాడు.

“అదెందుకు?”

“తుడిచేసినంత మాత్రాన ఫైళ్ళు చాలావరకు పోవమ్మా. వాటి మీద ఇంకేదైనా పడితేనే పోతాయి. అందుకే లోపలి డిస్కుని కదపకుండా, బయటినుంచి లేపి వెతకాలి.”

ఒక్క రోజులో తేలే పని కాదది. ఆయన రోజూ వచ్చాడు. ఆమె రోజూ కాపలా కూర్చుంది.

ఒకరోజు ఉండబట్టలేక అనేసింది.

“తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడండీ. అయినా వాణ్ణని ఏం లాభం? అలా పెంచినవాళ్ళని అనాలి.”

“అనాలమ్మా,” అన్నాడాయన, తెర మీంచి తల తిప్పకుండా.

చివరికి దొరికాయి. పాప పేరు తెర మీద కనబడగానే ఆమె కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

“ఇప్పుడు అసలు పని,” అన్నాడాయన.

ఒక హార్డ్‌డిస్కులోకి కంప్యూటర్ మొత్తానికి నకలు తీశాడు. ఇంకో కొత్త పెన్‌డ్రైవ్‌లో కంప్యూటర్ని లేపే ఏర్పాటు చేశాడు.

“ఇది మంచాన పడితే ముందు పెన్‌డ్రైవ్ పెట్టి లేపండి. ఆ తర్వాత డిస్కులోంచి అన్నీ వెనక్కి రప్పించుకోండి. రెండూ ఇక్కడ కాదు, ఇంట్లో దాచుకోండి.”

“ఇంకెవరి చేతిలోనూ పెట్టనులెండి. బుద్ధొచ్చింది.”

“దాచుకుంటే చాలదు. లేస్తుందో లేదో నా ముందే ఒకసారి చూసుకోండి. అవసరం పడ్డ రోజున పరీక్ష పెట్టుకోకూడదు.”

ఆయన చూపించిన మీటని ఆమె నొక్కింది. తెర వెలిగింది. ఆయన మొదటిసారి నవ్వాడు.

వెళ్ళబోతుంటే ఆమె అడ్డు నిలబడింది.

“ఏమీ అనుకోకండి. సంచి ఒకసారి చూపిస్తారా?”

ఆయనే బల్ల మీద బోర్లించాడు. కళ్ళజోడు పెట్టె, మందుబిళ్ళలు, తన పెన్‌డ్రైవ్.

“ఆ పెన్‌డ్రైవ్ కూడా వదిలేసి వెళ్ళండి.”

“ఉంచుకోండమ్మా. చూసుకోవాల్సిందే మరి.” మిగతావి సంచిలో సర్దుకున్నాడు. ఒక కాయితం మీద ఫోన్ నంబరు రాసిచ్చాడు. “లేవకపోతే చేయండి.”

ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, వెళ్ళి పాస్‌వర్డులన్నీ మార్చేసింది.

కొన్ని నెలలకు ఒక ఉదయం కంప్యూటర్ లేవనని మొండికేసింది. బయట బెంచీ మీద నలుగురు కాళ్ళ కోసం కూర్చున్నారు. ఆమె ఇంటికి పరుగెత్తి దాచినవి తెచ్చుకుంది. ఆయన చెప్పినట్టే చేసింది. మధ్యాహ్నానికల్లా ఎక్కడివక్కడికి వచ్చేశాయి.

ఊపిరి పీల్చుకున్నాక మనసు చివుక్కుమంది. అన్నాళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని, ఆ మనిషికి గుక్కెడు మంచినీళ్ళిచ్చిన పాపాన పోలేదు. పేరైనా అడగలేదు.

కాయితం వెతికి ఫోన్ చేసింది.

“పెద్దయ్యగారూ, నేనండీ, కాళ్ళు చేసే ఆవిణ్ణి. మీరు చేసిచ్చింది ఇవాళ నా పరువు కాపాడింది. ఆ రోజు దొంగని చూసినట్టు చూశాను, మనసులో పెట్టుకోకండి. ఒక్కసారి మా ఇంటికి భోజనానికి రండి.”



అవతలినుంచి వినబడింది తమ్ముడి గొంతు.

“అక్కా... నాన్న పోయి నెలైంది. ఆయన నంబరు నీ దగ్గరెలా ఉంది?”