ఒక్కరు తక్కువ

ఇలా దగ్గరికి జరిగి కూర్చో. గట్టిగా చెప్పే సంగతి కాదిది. మూడేళ్లుగా కడుపులోనే పెట్టుకున్నాను.

అమలాపురం శివార్లలో మన లేఅవుట్ ఉందే, ఒకప్పుడు ఇదంతా కొబ్బరితోట. చెట్లు కొట్టేశారు, రాళ్లు పాతారు, ఇళ్లు లేచాయి. ఓడలరేవు గ్యాసు పనులకొచ్చినవాళ్లు, ముమ్మిడివరం వైపు రొయ్యల చెరువుల మీద నాలుగు రాళ్లు వెనకేసుకున్నవాళ్లు, అందరూ ఇక్కడే దిగారు. ఇళ్లు పెరిగాయి, పిల్లలు పెరిగారు. బడి మాత్రం పెరగలేదు. ఒకటో తరగతికి ఒకటే గది, ఒక్కరే టీచరు.

ఆ టీచరు పేరు లలిత. మన లేఅవుట్‌లోనే, మొదటి వీధిలో కాపురం.

ఆ ఏడు మే నెలలో పైనుంచి ఒక మాట వచ్చింది. జూన్‌లో ఒకటో తరగతికి రావలసిన పిల్లలు అరవైమంది ఉన్నట్టు ఇంటింటి లెక్క చూపిస్తే, రెండో గదీ రెండో టీచరూ ఇస్తారట. ఒక్కరు తగ్గినా లేదట.

లలిత టీచరుగారు పొడుగాటి పుస్తకం పట్టుకుని మండుటెండలో ఇల్లిల్లూ తిరిగారు. వెంట ఆవిడ కూతురు భవాని. పెళ్లయిన తొమ్మిదేళ్లకి, అప్పనపల్లి మొక్కుల మీద పుట్టిన పిల్ల. అప్పటికి ఐదేళ్లు నిండాయి. బుగ్గ మీద ఇంత కాటుక చుక్క, కాలికి నల్లతాడు. అమ్మ చెంగు వదిలేది కాదు.

మా ఇల్లే ఆఖరిది.

“మామ్మగారూ, మీ ఇంట్లో ఐదేళ్లు నిండిన పిల్లలెవరైనా ఉన్నారా అండీ?”

ఉన్నాడు. నా మనవడు గోపీకృష్ణ. దొడ్లో కూర్చుని ముంజలు తింటున్నాడు. వాడి ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు, వీడొక్కడే మిగిలాడు. మా ఇళ్లల్లో పిల్లల్ని లెక్కపెట్టి పైకి చెప్పం. దిష్టి తగులుతుంది. మా అత్తగారు నలుగురు కొడుకుల్ని పెట్టుకుని కూడా, ఎంతమందండీ అని ఎవరైనా అడిగితే “ఏదో, ఉన్నారు” అనేది. అలాంటిది వీడి పేరూ వయసూ పుస్తకంలోకి ఎక్కించడమా? జూన్‌లో చెయ్యి పట్టుకుని తీసుకెళితే బడి కాదంటుందా అనుకున్నాను.

“లేరండీ,” అన్నాను.

టీచరుగారు తీగ మీద ఆరేసిన చిన్న నిక్కరు వంక చూశారు.

“మరి అదెవరిదండీ?”

“మా అమ్మాయి కొడుకుదండీ. చుట్టంచూపుగా వచ్చెళ్లేడు.”

దొడ్లోంచి వాడి నవ్వు వినబడింది.

“పక్కింటి పిల్లలండీ,” అన్నాను, ఆవిడ అడక్కుండానే.

ఆవిడ అరుగు మీద కూర్చుని పేజీలన్నీ మళ్లీ మొదటినుంచీ కూడారు. నేను భవాని చేతిలో కొబ్బరి లౌజు పెట్టాను.

“యాభై తొమ్మిదండీ. ఒక్కటంటే ఒక్కటి తక్కువ. ఎవరినైనా మర్చిపోయేమేమో, మీరే ఆలోచించి చెప్పండి మామ్మగారూ.”

“ఆయ్, ఉంటే చెప్పనాండీ.”

ఆవిడ కాసేపు నా మొహంలోకి చూశారు. భవాని మూతికి అంటిన బెల్లం చెంగుతో తుడిచారు. పుస్తకం మూసేశారు.

జూన్‌లో బడి తెరిచారు. కొత్తగా అద్దెకొచ్చినవాళ్లతో కలిపి పిల్లలు డెబ్బై దాటారు. కానీ లెక్క కాగితం ఎప్పుడో వెళ్లిపోయింది. రెండో గది రాలేదు. గోపిని తీసుకెళితే టీచరుగారు మారు మాట్లాడకుండా పేరు రాసుకున్నారు. సగంమంది గదిలో, సగంమంది వరండాలో. ఆవిడ గుమ్మంలో నిలబడి ఇటొక పాఠం, అటొక పాఠం. సాయంత్రానికి గొంతు పోయేది.

శ్రావణంలో జల్లు కొట్టి వరండా అంతా తడిసింది. పక్కింటి లోవమ్మ మనవరాలు రమణి జారిపడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది.

లోవమ్మ వీధిలో నిలబడి అంది: “ఒక్క పేరు తక్కువైందట వదినా. ఏ మహాతల్లి మింగేసిందో గానీ, అరిగిందో లేదో ఆవిడకి.”

“ఎవరోలే లోవమ్మా,” అని లోపలికొచ్చేశాను. ఆ పూట అన్నం సహించలేదు.

కట్టు విప్పేదాకా రోజూ నేనే వెళ్లి రమణికి జడ వేశాను, ముద్దలు కలిపి పెట్టాను. “మా బుచ్చమ్మొదినది వెన్నలాంటి మనసు” అని లోవమ్మ పదిమందికీ చెప్పేది. అది విన్నప్పుడల్లా ప్రాణం చచ్చిపోయేది.

ఇంక ఉండబట్టలేక ఒకరోజు టీచరుగారింటికి వెళ్లాను.

“ఆ ఒక్క పేరూ మా ఇంట్లోదేనండీ. దిష్టికి భయపడి దాచేను. ఆ పిల్ల చెయ్యి నేను విరిచినట్టేనండీ.”

తిడతారనుకున్నాను. తిట్టలేదు.

“నాకు తెలుసు మామ్మగారూ. నిక్కరు చూసినప్పుడే తెలుసు.”

“మరి గట్టిగా అడగలేదేమండీ?”

ఆవిడ లేచారు. బీరువాలోంచి ఆ పొడుగాటి పుస్తకం తీసి, మొదటి వీధి పేజీ తెరిచి, ఒకచోట వేలు పెట్టారు. రెండో తరగతితో ఆగిన చదువు నాది. కూడబలుక్కుని చదివాను. చదివాక ఆవిడ వంక చూడలేకపోయాను.

ఇది గుర్తుపెట్టుకో. నేను పోయాక నలుగురికీ చెప్పు. చెప్పేటప్పుడు ఆఖరి ముక్క మాత్రం మింగెయ్యకు: టీచరుగారు వేలు పెట్టినచోట, ఆవిడ సొంత పేరుకి ఎదురుగా, పిల్లల గడిలో సున్నా ఉంది.